కిలిమంజారో ఎక్కాలంటే: ఏ దారి, ఎన్ని రోజులు, ఎవరితో

కిలిమంజారో ఎక్కాలని మనసులో పడగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఏ రూట్ తేలిక? దానికంటే ముందు తేల్చుకోవాల్సిన లెక్క ఒకటుంది. కొండ మీద ఎన్ని రాత్రులు పడుకోబోతున్నారు, ఒక్కో రాత్రి ఎంత ఎత్తులో పడుకోబోతున్నారు? టాంజానియాలోని ఈ కొండ చివరి అంచు ఉహురు పీక్, 5,895 మీటర్లు. తాళ్లు, మంచు గొడ్డళ్లు అక్కర్లేదు, నడిచే వెళ్లొచ్చు. అయినా ఏటా చాలామంది సగంలో తిరిగొస్తారు. వాళ్లలో కాళ్లు మొరాయించి ఆగేవాళ్లు తక్కువ. తలనొప్పి, వాంతులు, నిద్ర లేకపోవడం, ముద్ద గొంతు దిగకపోవడం వల్ల ఆగేవాళ్లే ఎక్కువ.

శిఖరం మీద గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో దాదాపు సగం. అంటే ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ కూడా సగమే. శరీరం దీనికి అలవాటు పడగలదు, కానీ దానికి రోజులు కావాలి. పర్వత వైద్యులు చెప్పే సూత్రం ఇది: 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు అదే ఎత్తులో ఆగాలి. పగలు ఎంత ఎత్తుకు వెళ్లొచ్చినా ఫర్వాలేదు, రాత్రి ఎక్కడ తల వాలుస్తున్నారన్నదే ముఖ్యం. కిలిమంజారోలో ఈ సూత్రాన్ని పూర్తిగా పాటించే దారి ఒక్కటీ లేదు. ఏది తక్కువగా తప్పుతుందో చూసుకోవడమే ఎంపిక.

మరంగు: గుడిసెల దారి

టెంట్లు లేకుండా చెక్క గుడిసెల్లో, పరుపు వేసిన బల్లల మీద పడుకునే దారి ఇదొక్కటే. గేటు సుమారు 1,870 మీటర్ల దగ్గర. మొదటి రాత్రి మందారా గుడిసెల్లో 2,720, రెండో రాత్రి హొరొంబోలో 3,720, మూడో రాత్రి కిబో హట్‌లో 4,720. మరోసారి చూడండి: రెండు రోజులు వరసగా వెయ్యేసి మీటర్లు. రెట్టింపు తప్పు అన్నమాట. పైగా మూడో రాత్రి నిజానికి రాత్రే కాదు, పదకొండు గంటలకు లేపి శిఖరానికి బయల్దేరదీస్తారు. ఐదు రోజుల మరంగు ప్యాకేజీ చవగ్గా దొరకడానికీ, ఎక్కువమందిని వెనక్కి పంపడానికీ కారణం ఒకటే. దాన్ని ఎవరికీ సిఫార్సు చేయం.

ఆరు రోజుల మరంగు కాస్త నయం. హొరొంబోలో రెండు రాత్రులు ఉంటారు, మధ్య రోజు జీబ్రా రాక్స్ దాటి మావెంజి శిఖరం వైపు కొంత ఎక్కి మళ్లీ కిందికి వచ్చి పడుకుంటారు. వానాకాలంలో టెంట్ తడిసిపోతుందన్న భయం ఉన్నవాళ్లకీ, నేల మీద పడుకుంటే నడుం పట్టేసేవాళ్లకీ ఇది సరిపోతుంది. లోపాలూ ఉన్నాయి. ఎక్కిన దారినే దిగాలి కాబట్టి చూసేది సగమే. డార్మిటరీలో పక్కవాళ్ల గురక, అర్ధరాత్రి లేచేవాళ్ల చప్పుడు తప్పవు. కిబో హట్ దగ్గర నీళ్లు దొరకవు, దారిలో చివరి నీటి చోటు దగ్గరే నింపుకోవాలి.

ఈ దారిని కొందరు ఏజెంట్లు 'బిగినర్స్ రూట్' అని అమ్ముతారు. వాలు తక్కువన్న మాట నిజమే. కానీ వాలు తక్కువైతే త్వరగా నడుస్తారు, త్వరగా నడిస్తే త్వరగా ఎత్తుకు చేరతారు, చేరాక తల పగిలిపోతుంది.

మచామె, లెమోషో: చివరికి ఒకే దారి

ఈ రెండూ షిరా పీఠభూమి దాటాక కలిసిపోతాయి. అక్కడి నుంచి శిఖరం దాకా, మళ్లీ దిగి బయటపడే మ్వెకా గేటు దాకా దారి ఒకటే. తేడా అంతా మొదటి రెండు మూడు రోజుల్లోనే.

మచామె గేటు దాదాపు 1,800 మీటర్లు. మొదటి రాత్రి మచామె క్యాంప్, 3,000 మీటర్లు. అంటే తొలిరోజే అడవిలో పన్నెండు వందల మీటర్లు ఎక్కుతారు, వాన పడితే చీలమండల దాకా బురద. రెండో రాత్రి షిరా కేవ్ క్యాంప్, 3,840. లెమోషో పడమటి వైపు నుంచి మొదలవుతుంది. లొండొరోసి గేటు దగ్గర పేరు రాయించుకుని, మళ్లీ జీపులో అడవి అంచు దాకా వెళ్లి నడక మొదలుపెడతారు. మొదటి రాత్రి మ్టి మ్కుబ్వా, అంటే పెద్ద చెట్టు, 2,650 మీటర్లు. నల్లటి ఒంటి మీద తెల్ల కుచ్చు తోకలు వేలాడేసుకుని కొలోబస్ కోతులు తిరిగే అడవి అది. రెండో రాత్రి షిరా 1, సుమారు 3,500. మూడో రాత్రి షిరా 2, 3,850. మచామె వాళ్లు రెండో రోజే చేరే ఎత్తుకు లెమోషో వాళ్లు మూడో రోజు చేరతారు. ఈ ఒక్క రాత్రి వ్యత్యాసమే లెమోషోకు పేరు తెచ్చింది. లెమోషోకు పెట్టే అదనపు డబ్బు కూడా ఆ రాత్రికే.

తర్వాతి రోజు రెండు దారుల వాళ్లూ లావా టవర్ దాకా, 4,630 మీటర్లకు ఎక్కి, అక్కడ భోజనం చేసి, బరాంకో క్యాంప్‌కు దిగి 3,960 దగ్గర పడుకుంటారు. చాలామందికి తలనొప్పి మొదటిసారి తగిలేది లావా టవర్ దగ్గరే. కంగారు పడక్కర్లేదు, దిగుతుంటే అదే తగ్గుతుంది. తగ్గకపోతే మాత్రం గైడ్‌కు చెప్పాలి. అలసిపోయామని లావా టవర్‌కు వెళ్లకుండా కింది దారిన నేరుగా బరాంకో చేరొచ్చా అని కొందరు అడుగుతారు. వెళ్లొచ్చు. కానీ ఈ దారికి ఇంత డబ్బు పెట్టిందే ఆ ఎక్కి దిగే రోజు కోసం.

మరునాడు పొద్దున బరాంకో గోడ. పేరు విని జడుసుకునే వాళ్లు చాలామంది. సుమారు 250 మీటర్ల ఎత్తున్న రాతి గోడ, గంటన్నర నుంచి రెండు గంటల పని. కర్రలు మడిచి బ్యాగ్‌లో పెట్టేయండి, ఇక్కడ చేతులు కావాలి. ఒకచోట బాట అడుగున్నర వెడల్పుకు సన్నబడుతుంది, రాయి బొజ్జలా ముందుకు పొడుచుకొస్తుంది. దాన్ని 'కిస్సింగ్ రాక్' అంటారు. మొహం రాయి వైపు తిప్పి, ఛాతీ దానికి ఆనించి, రెండు చేతులూ బార్లా చాపి, ముందు కాలు అవతలి మెట్టు మీద గట్టిగా ఆనిందని తేల్చుకున్నాకే వెనక కాలు తీయాలి. వీపు బ్యాగ్ పెద్దదైతే వెనక్కి లాగుతుంది, అందుకే ఆ రోజు బ్యాగ్ బిగుతుగా, చిన్నగా ఉండాలి. తల మీద ఇరవై కిలోల మూటతో పోర్టర్లు వెనక నుంచి వస్తుంటారు. వాళ్లకు దారివ్వాలి, కానీ లోయ వైపు జరగకూడదు, గోడ వైపే ఒదిగి నిలబడాలి.

గోడ ఎక్కాక ఏడు రోజుల మచామెకూ ఆరు రోజుల మచామెకూ తేడా బయటపడుతుంది. ఆరు రోజుల వాళ్లు అదే రోజు కరంగా దాటి బరాఫు క్యాంప్, 4,670 మీటర్లు, చేరేస్తారు. సాయంత్రం నాలుగైదింటికి చేరి, ఏదో తిన్నామనిపించి, రెండు మూడు గంటలు కళ్లు మూసుకుని, అర్ధరాత్రికి మళ్లీ లేవాలి. ఏడు రోజుల వాళ్లు కరంగాలో, 3,995 మీటర్ల దగ్గర, ఒక రాత్రి ఆగుతారు. మరునాడు నాలుగు గంటల నడకతో మధ్యాహ్న భోజనానికే బరాఫులో ఉంటారు. మధ్యాహ్నమంతా పడుకునే వీలుంటుంది. కిలిమంజారో మీద డబ్బుకు తగిన విలువ ఎక్కడైనా ఉందంటే ఈ కరంగా రాత్రిలోనే ఉంది. బరాఫులో నీళ్లు లేవు, కరంగా వాగు నుంచి పోర్టర్లు మోసుకొస్తారు. మొహం కడుక్కోవడానికి నీళ్లు అడగబోయే ముందు అది గుర్తుంచుకోండి.

మా సలహా సూటిగా: మొదటిసారి ఎత్తుకు వెళ్తున్న వాళ్లకు ఎనిమిది రోజుల లెమోషో. సెలవో డబ్బో చాలకపోతే ఏడు రోజుల మచామె. ఆరు రోజుల మచామె హిమాలయాల్లో 4,500 మీటర్ల పైన ఈమధ్యే పడుకుని వచ్చిన వాళ్లకు మాత్రమే.

రొంగాయ్, నార్తర్న్ సర్క్యూట్, ఉంబ్వే

రొంగాయ్ ఉత్తరం వైపు, కెన్యా సరిహద్దు పక్కన మొదలవుతుంది. ఆ వైపు వాన తక్కువ పడుతుంది కాబట్టి నవంబరులోనో మార్చి చివర్లోనో తప్ప సెలవు దొరకని వాళ్లకు ఇది మంచిది. జనం తక్కువ, వాలు నెమ్మది. ఏడు రోజుల రొంగాయ్‌లో మావెంజి టార్న్ అనే చిన్న మడుగు పక్కన, 4,330 మీటర్ల దగ్గర, రెండు రాత్రులు ఆపుతారా అని అడగండి. ఆరు రోజుల వాళ్లకు అక్కడ ఒక్క రాత్రే, కొందరికి అదీ ఉండదు. దిగడం మరంగు దారిన.

నార్తర్న్ సర్క్యూట్‌కు తొమ్మిది రోజులు. లెమోషోలా మొదలై, మొయిర్ హట్ మీదుగా కొండ వెనకవైపు చుట్టూ తిరిగి తూర్పు నుంచి శిఖరానికి ఎక్కుతుంది. నాలుగు వేల మీటర్ల అటూ ఇటూగా మూడు రాత్రులు గడుస్తాయి, శరీరానికి ఇంతకు మించిన వెసులుబాటు ఏ దారీ ఇవ్వదు. యాభై దాటిన వాళ్లకూ, గతంలో ఎత్తులో ఇబ్బంది పడ్డవాళ్లకూ, సెలవు కొరత లేని వాళ్లకూ మా మొదటి మాట ఇదే.

ఉంబ్వే నిట్టనిలువు. రెండో రాత్రికే బరాంకోలో ఉంటారు. వద్దు. బరాఫు వైపు రాకుండా పడమటి నుంచి నేరుగా ఎక్కే వెస్టర్న్ బ్రీచ్‌ను కూడా కొందరు 'అడ్వెంచర్' అని ఇస్తారు. 2006 జనవరిలో అక్కడ రాళ్లు దొర్లి ముగ్గురు అమెరికన్లు చనిపోయారు. మంచు కరిగి రాళ్లను పట్టి ఉంచేది పోయిన కొద్దీ అలాంటివి పెరుగుతాయే గానీ తగ్గవు.

శిఖరం రాత్రి ఎటు నుంచి

రూట్లు పోల్చేటప్పుడు చాలామంది వదిలేసే విషయం ఇది. బరాఫు నుంచి ఎక్కితే అగ్నిపర్వతం అంచును స్టెల్లా పాయింట్ దగ్గర అందుకుంటారు, అక్కడి నుంచి ఉహురుకు ముప్పావు గంట, గంట. కిబో హట్ నుంచి ఎక్కే మరంగు, రొంగాయ్ వాళ్లు అంచును గిల్మన్స్ పాయింట్ దగ్గర, 5,685 మీటర్లకు అందుకుంటారు. అక్కడి నుంచి ఉహురుకు ఇంకో గంటన్నర, రెండు గంటలు. గిల్మన్స్ దాకా చేరినా సర్టిఫికెట్ ఇస్తారు. అందుకే కంపెనీ వాళ్లు తొంభై ఎనిమిది శాతం 'సక్సెస్' అన్నప్పుడు రెండు ప్రశ్నలు వేయండి: గిల్మన్స్ దాకా వచ్చిన వాళ్లను కలిపారా, ఎన్ని రోజుల ట్రిప్పుల లెక్క అది?

ఏ వైపు నుంచైనా ఆ రాత్రి ఒకేలా ఉంటుంది. రాత్రి పదకొండు, పన్నెండు మధ్య టీ, బిస్కెట్లు పెట్టి బయల్దేరదీస్తారు. సున్నాకు పది, ఇరవై డిగ్రీల కింద చలి. ఆరు నుంచి ఎనిమిది గంటల ఎక్కుడు. కాలి కింద కంకర, రెండడుగులు వేస్తే ఒకటి జారుతుంది. గైడ్ 'పోలె పోలె' అంటూనే ఉంటాడు, స్వాహిలీలో నెమ్మది నెమ్మది అని. మామూలుగా ఇబ్బంది పెట్టేది నీళ్లు. బ్లాడర్ (వీపు మీది నీళ్ల సంచి) గొట్టంలో నీళ్లు మొదటి గంటలోనే గడ్డకట్టి మూసుకుపోతాయి. అందుకని ఆ రాత్రికి వెడల్పు మూతి సీసాలే తీసుకోండి, గోరువెచ్చని నీళ్లు పోసి, ఊలు మేజోడులో దూర్చి, తలకిందులుగా పెట్టండి. మంచు పైనుంచి కడుతుంది కాబట్టి మూత దగ్గర నీళ్లు గడ్డకట్టవు. ఫోను, హెడ్‌ల్యాంపు అదనపు బ్యాటరీలు లోపలి చొక్కా జేబులో, ఒంటికి తగిలేలా ఉండాలి. బయట జేబులో పెడితే శిఖరం మీద ఫొటో తీయబోయే సమయానికి ఛార్జ్ సున్నా.

ఎక్కాక పని అయిపోయినట్టు కాదు. బరాఫు వైపు అయితే అదే రోజు మ్వెకా క్యాంప్, 3,100 మీటర్ల దాకా దిగాలి. ఒక్క రోజులో 2,800 మీటర్ల దిగుడు. మోకాళ్లు పోయేదీ, బొటనవేళ్ల గోళ్లు నల్లబడేదీ ఇక్కడే. గోళ్లు ముందురోజే పొట్టిగా కత్తిరించుకోండి, దిగేటప్పుడు బూటు తాళ్లు చీలమండ దగ్గర బిగించండి.

డబ్బు లెక్క, కంపెనీ ఎంపిక

గైడ్ లేకుండా కొండ ఎక్కనివ్వరు, కాబట్టి కంపెనీ ద్వారానే వెళ్లాలి. ధరలు చూస్తే ఏడు రోజులకు పదమూడు వందల డాలర్ల నుంచి మూడు వేలు దాటి కనిపిస్తాయి. ఏది నిజమైన ధరో తెలుసుకోవాలంటే పార్కు ఫీజులతో మొదలుపెట్టాలి. విదేశీ పెద్దవాళ్లకు కన్జర్వేషన్ ఫీజు రోజుకు 70 డాలర్లు, క్యాంపింగ్ రాత్రికి 50, గుడిసెల్లో అయితే 60, రెస్క్యూ ఫీజు ఒక్కసారి 20, పైన పద్దెనిమిది శాతం వ్యాట్. ఫీజులు మారుతుంటాయి కాబట్టి బుక్ చేసేటప్పుడు మళ్లీ చూసుకోండి. ఈ లెక్కన ఏడు పగళ్లు, ఆరు రాత్రులు: 490, 300, 20 కలిపి 810. వ్యాట్‌తో దాదాపు 956 డాలర్లు ప్రభుత్వానికే పోతాయి. ఒక్కో ట్రెక్కర్‌కు ముగ్గురు నలుగురు సిబ్బంది వస్తారు. మనిషికి రోజుకు 10 డాలర్లు అనుకున్నా 210 నుంచి 280. తిండి, గ్యాస్, జీపు, టెంట్ల అరుగుదల, దగ్గరి ఊళ్లైన మోషీలోనో అరూషాలోనో రెండు రాత్రుల హోటల్ ఇంకా కలపాలి. పదిహేను వందల కింద ఎవరైనా ఏడు రోజులు ఇస్తున్నారంటే ఎవరో ఒకరి కడుపు కొడుతున్నారు, అది సాధారణంగా పోర్టర్‌దే.

అదనపు రోజు లెక్క కూడా ఇలాగే వేసుకోండి. ఒక రోజు పెరిగితే ఫీజులు, వ్యాట్ కలిపి 142 డాలర్లు పెరుగుతాయి. జీతాలు, తిండి కలిపి కంపెనీలు 200 దాకా అడగడం న్యాయమే, మన రూపాయల్లో పదిహేడు, పద్దెనిమిది వేలు. విమానం, వీసా, సామాను అన్నీ కలిపి మూడు లక్షలు దాటే ప్రయాణంలో ఆ రోజు దగ్గర కక్కుర్తి పడి శిఖరం పోగొట్టుకోవడం కంటే నష్టం లేదు.

ప్యాకేజీ రోజుల్లో ఒక మెలిక ఉంటుంది. 'ఎయిట్ డేస్ మచామె' అని రాసి, మొదటి రోజు ఎయిర్‌పోర్టు నుంచి హోటల్, చివరి రోజు హోటల్ నుంచి ఎయిర్‌పోర్టు అని ఉంటుంది. కొండ మీద ఉండేది ఆరే. బుక్ చేసే ముందు 'కొండ మీద ఎన్ని రాత్రులు, కరంగాలో ఆగుతామా' అని రాతపూర్వకంగా తెప్పించుకోండి. హైదరాబాదు, బెంగళూరు నిర్వాహకుల ద్వారా వెళ్తే కొండ మీద అసలు పని చేసేది టాంజానియా లైసెన్సున్న కంపెనీయే. దాని పేరు అడిగి తీసుకోండి. మనవాళ్ల గుంపులో తెలుగు మాట్లాడే తోడు, భారతీయ భోజనం దొరకడం నిజమైన లాభం. గుంపులో పన్నెండు మంది ఉండి గైడ్లు ఇద్దరే ఉంటే మాత్రం ఆ లాభం శిఖరం రాత్రి చెల్లదు. ఇద్దరు ట్రెక్కర్లకు ఒక గైడ్ ఉండాలి. ఎందుకంటే ఒకరు దిగాల్సి వస్తే వాళ్లతో ఒక గైడ్ దిగిపోతాడు.

కంపెనీని అడగాల్సినవి: ఆక్సిజన్ సిలిండర్ శిఖరం రాత్రి గైడ్ వీపు మీద ఉంటుందా, క్యాంపులో వదిలేస్తారా? పల్స్ ఆక్సీమీటర్‌తో రోజూ రెండు పూటలా చూసి రాసిపెడతారా? పోర్టర్లకు రోజుకు మూడు పూటలా తిండి పెడతారా, వాళ్లు ఏ టెంట్‌లో పడుకుంటారు? మోషీలో కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ అనే సంస్థ పోర్టర్లకు సరైన జీతం, తిండి, పడక ఇచ్చే కంపెనీల జాబితా నడుపుతుంది. అందులో ఉన్నదా అని చూసుకోవడం ఒక నిమిషం పని. పోర్టర్ మోసే బరువు ఇరవై కిలోలు దాటకూడదు, అందులో ఐదు కిలోలు అతని సొంత సామాను. కాబట్టి మీ డఫెల్ బ్యాగ్ పదిహేను కిలోల లోపు. గేటు దగ్గర తూకం వేస్తారు. సూట్‌కేసు పనికిరాదు, తల మీద నిలవదు.

ఒళ్లు, మందులు, తిండి

మన రెండు రాష్ట్రాల్లో ఎత్తుకు అలవాటు పడే చోటు లేదు. ఆంధ్రలో బాగా ఎత్తైన కొండల్లో ఒకటైన అర్మకొండ కూడా 1,700 మీటర్ల లోపే. కాబట్టి ఇక్కడ తయారుచేసుకోగలిగింది కాళ్లూ ఊపిరీ మాత్రమే. దానికి అలిపిరి మెట్ల దారి అంత మంచి చోటు ఇంకోటి లేదు. 3,550 మెట్లు, ఏడు కిలోల బ్యాగ్‌తో ఎక్కి, బస్సులో దిగకుండా మెట్ల మీదే దిగండి. మోకాళ్ల పైన తొడ కండరం గట్టిపడేది దిగేటప్పుడే. శిఖరం రాత్రి ఎక్కే పన్నెండు వందల మీటర్లు దాదాపు రెండు అలిపిరుల ఎత్తు, అదీ సగం గాలితో. వారానికోసారి ఇలా నాలుగు నెలలు చేస్తే కాళ్ల గురించి బెంగ ఉండదు. మల్లి మస్తాన్ బాబు, మాలావత్ పూర్ణ లాంటివాళ్లు ఈ కొండ ఎక్కారు కాబట్టి మనమూ ఎక్కేయొచ్చనుకోవడం సహజమే. వాళ్లు ఏళ్ల తరబడి శిక్షణ తీసుకున్న పర్వతారోహకులు. వాళ్ల రోజుల లెక్క మనకు కొలత కాదు.

ఎత్తు పడక వచ్చే జబ్బు రాకుండా వేసుకునే మందు డయామాక్స్ గురించి డాక్టర్‌తో ముందే మాట్లాడండి. మామూలుగా ఇచ్చే మోతాదు 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఎక్కడం మొదలయ్యే ముందురోజు నుంచి. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది, సోడా రుచి పాడవుతుంది. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట డాక్టర్‌కు తప్పక చెప్పాలి. బయల్దేరేముందు ఇంట్లోనే రెండు రోజులు వేసి చూసుకుంటే కొండ మీద ఆశ్చర్యాలు ఉండవు. ఈ మందు అలవాటు పడటాన్ని వేగిరం చేస్తుందే తప్ప తక్కువ రోజుల ప్యాకేజీని మంచి ప్యాకేజీగా మార్చదు. సరళ రేఖ మీద మడమకు వేళ్లు తగిలిస్తూ నడవలేకపోవడం, కూర్చున్నా ఊపిరాడకపోవడం, దగ్గులో గులాబీ నురగ — ఈ మూడింటిలో ఏది కనిపించినా అర్ధరాత్రైనా కిందికి దిగాలి. తెల్లారనిద్దాం అనుకోకూడదు. మధుమేహం ఉన్నవాళ్ల ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు, చొక్కా లోపలే ఉంచాలి. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లు ఇంత ఎత్తుకు వెళ్లకూడదు. జబ్బు లేకుండా దాని జన్యువు మాత్రమే (ట్రెయిట్) ఉన్నా ప్లీహం దెబ్బతినే ప్రమాదం ఉంది. మన్యం, ఏజెన్సీ ప్రాంతాల కుటుంబాలవాళ్లు ఒక రక్త పరీక్ష చేయించుకుని వెళ్లడం మంచిది.

తిండి విషయంలో శాకాహారులకు ఇబ్బంది లేదు. జొన్న జావలాంటి ఉజి, చపాతీ, బీన్స్, క్యాబేజీ కూర, సూప్, అన్నం అన్నీ చేస్తారు. అయితే 4,600 మీటర్ల దగ్గర నీళ్లు 85 డిగ్రీలకే మరిగిపోతాయి, కుక్కర్ లేకుండా అన్నం పలుకు మిగిలిపోతుంది. పైన రెండు రోజులు అన్నం కోసం పట్టుబట్టకండి. ఆకలి చచ్చిపోయే చోట నాలుకకు తెలిసిన రుచే కాస్త లోపలికి పంపుతుంది, కాబట్టి చిన్న సీసాలో ఆవకాయ, పొట్లంలో కందిపొడి తప్పనిసరి. శిఖరం రాత్రికి చాక్లెట్ బార్లు రాయిలా గట్టిపడతాయి. పల్లీ చిక్కీని ముందే చిన్న ముక్కలు చేసి పై జేబులో వేసుకోండి, ఖర్జూరాలు గింజలు తీసి. టాంజానియాలో ప్లాస్టిక్ సంచులు 2019 నుంచి నిషేధం, పొట్లాలకు గుడ్డ సంచులో జిప్ ఉన్న పౌచులో వాడండి.

ఎప్పుడు, ఎలా చేరాలి

జనవరి నుంచి మార్చి మొదటి వారం దాకా, జూన్ చివరి నుంచి అక్టోబరు దాకా పొడి కాలం. జూలై, ఆగస్టుల్లో మచామె జాతరలా ఉంటుంది. మార్చి మధ్య నుంచి మే దాకా పెద్ద వానలు, నవంబరులో చిన్న వానలు. మన సంక్రాంతి సెలవులకు రెండు రోజులు ముందూ వెనకా కలిపి ప్లాన్ చేసుకుంటే వాతావరణం అనుకూలమే. పౌర్ణమి దగ్గర పడేలా చూసుకుంటే శిఖరం రాత్రి హెడ్‌ల్యాంపు దాదాపు అక్కర్లేదు, కాకపోతే అందరూ అదే చూస్తారు, క్యాంపులు నిండిపోతాయి.

కిలిమంజారో ఎయిర్‌పోర్టుకు దోహా మీదుగానో ఆడిస్ అబాబా మీదుగానో చేరొచ్చు. ఇథియోపియా, కెన్యా మీదుగా వెళ్లి వచ్చేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోవడం క్షేమం. వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది. హైదరాబాదులో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు, ముందే రోజు కనుక్కుని వెళ్లండి. భారత పాస్‌పోర్టుకు టాంజానియా ఈ-వీసా 50 డాలర్లు, అమెరికా పాస్‌పోర్టున్న మనవాళ్లకు 100. ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు '6,000 మీటర్ల దాకా ట్రెక్కింగ్, హెలికాప్టర్ తరలింపుతో సహా' అన్న మాట పాలసీలో కనిపించాలి. మామూలు ప్రయాణ పాలసీలు చాలావాటిలో ఆ ఎత్తు ఉండదు.

రెండు వారాల సెలవుంటే ఇంకో దారి కూడా ఉంది. పక్కనే అరూషా నేషనల్ పార్కులో మెరూ పర్వతం, 4,566 మీటర్లు. మూడు, నాలుగు రోజుల ట్రెక్, గుడిసెల్లో పడక, అడవి దున్నల వల్ల తుపాకీ పట్టుకున్న రేంజర్ తోడు తప్పనిసరి. అది ఎక్కి ఒక రోజు ఆగి కిలిమంజారోకు వెళ్తే ఏడు రోజుల మచామె ఎనిమిది రోజుల లెమోషో అంత పని చేస్తుంది. ఉహురు పేరు మీద పట్టింపు లేకుండా అందమైన ఎత్తైన కొండ చాలనుకునే వాళ్లకు కెన్యా పర్వతంలోని పాయింట్ లెనానా, 4,985 మీటర్లు. సిరిమోన్ దారిన ఎక్కి చొగోరియా దారిన దిగితే ఐదు రోజులు, రద్దీ చాలా తక్కువ.

చివరికి టిప్పుల సంగతి. ట్రెక్కర్‌కు 200 నుంచి 300 డాలర్లు అని ముందే పక్కన పెట్టుకోండి, అది సిబ్బంది ఆదాయంలో భాగం. గైడ్‌కు, వంటమనిషికి, పోర్టర్లకు ఎంతెంతో కాగితం మీద రాసి, అందరి ముందూ చదివి, ఎవరిది వాళ్ల చేతికే ఇవ్వండి. మొత్తం కట్ట హెడ్ గైడ్ చేతిలో పెట్టి వస్తే అది చివరి పోర్టర్ దాకా చేరిందో లేదో మీకు తెలిసే దారి లేదు. డాలర్ నోట్లు చిరుగులూ రాతలూ లేనివి, కొత్త ముద్రణవి పట్టుకెళ్లండి. పాత నోట్లు మోషీలో మార్చరు, ఆ నష్టం పోర్టర్‌కే.